హాస్టల్ గల్లీలో అలారం డిస్క్ లాకులు: ఒక కేసు మొదటి నుంచి

బండ్లకి లాకులు, అలారాలు, జీపీఎస్‌లు బిగించడం నా పని. షాపు హైదరాబాద్‌లో ఎస్.ఆర్.నగర్ వైపు. అలారం డిస్క్ లాకు అంటే డిస్క్ బ్రేకు ప్లేటు రంధ్రంలో పిన్ను దూర్చి చక్రం తిరగకుండా ఆపేది, బండి కదిపితే అరిచేది. అది చూపించగానే ప్రతివాడూ అడిగేది ఒకటే, "అన్నా, ఇది పెడితే ఇక బండి పోదా?" అని. దానికి అవుననీ కాదనీ చెప్పలేక, ఈమధ్య చేసిన ఒక హాస్టల్ పని మొత్తం రాసి పెడుతున్నా. హాస్టల్ పేరు, గల్లీ పేరు రాయను, వాళ్ళకి ఇబ్బంది. లాకు ఎంత గట్టిది అన్నదానికన్నా, అది అరిచినప్పుడు వినేది ఎవరు, అంతకుముందు ఎన్నిసార్లు ఊరికే అరిచింది అన్నవే ఈ కేసులో ఎక్కువ పని చేశాయి.

అమీర్‌పేట్ మెట్రోకి నడిచివెళ్ళే దూరంలో ఒక బాయ్స్ హాస్టల్. సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునేవాళ్ళు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఉంటారు. బిల్డింగుకి సెల్లార్ లేదు, స్టిల్ట్ పార్కింగ్ లేదు. రాత్రయ్యేసరికి పదిహేను దాకా బండ్లు ప్రహరీ గోడ పక్కనే గల్లీలో, సైడ్ స్టాండ్ మీద, ఒకదాని హ్యాండిల్ ఇంకోదానికి తగిలేంత దగ్గరగా నిలబెడతారు. మధ్యలో ఉన్న బండి తీయాలంటే ముందు రెండు బండ్లు జరపాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత టెన్షన్ అంతా దీంతోనే వచ్చింది.

ఓనరు నన్ను పిలిచింది రెండు బండ్లు పోయాక. మొదటిది పల్సర్. పక్క షాపు కెమెరాలో కనిపించింది ఏమిటంటే, ఒకడు బండెక్కి హ్యాండిల్‌ని పట్టుకుని కాలితో ఎదురు తన్ని హ్యాండిల్ లాక్ విరగ్గొట్టాడు, తర్వాత వెనక ఇంకొకడు స్కూటీ మీద కూర్చుని దీని ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంజన్ స్టార్ట్ చేయనే లేదు. డైరెక్ట్ చేయడం, వైర్లు కలపడం అంతా తీరిగ్గా ఇంకెక్కడో చేసుకుంటారు. ఇక్కడ వాళ్ళకి కావలసింది చక్రం తిరగడమే. రెండో బండి బుల్లెట్ క్లాసిక్, అది ఎలా పోయిందో ఏ కెమెరాకీ దొరకలేదు, కింద విరిగిన హ్యాండిల్ లాక్ ముక్క ఒకటి మిగిలింది.

రెండూ 2024 జులై తర్వాతే జరిగాయి కాబట్టి భారతీయ న్యాయ సంహిత 303(2) కింద కేసు కట్టారు, పాత ఐపీసీ 379 స్థానంలో వచ్చిన సెక్షన్ అది. డబ్బు సంగతి మాత్రం ఇద్దరిదీ ఒకేలా లేదు. క్లాసిక్ అబ్బాయికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ఎఫ్ఐఆర్, రెండు తాళాలు, ఆర్సీ, బండి దొరకలేదని పోలీసు రిపోర్టు అన్నీ ఇచ్చి నెలల తరబడి తిరిగితే ఐడీవీ మేరకు, అంటే పాలసీలో బండికి రాసిన విలువ మేరకు వచ్చింది. మూడో ఏడు నడుస్తున్న బండికి ఐడీవీ అంటే కంపెనీ ధరలో 30 శాతం తరుగుదల పోగా మిగిలేది. పల్సర్ అబ్బాయికి ఒక్క రూపాయి రాలేదు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి చేశారు కదా, షోరూంలో ఐదేళ్ళ ఇన్సూరెన్స్ అని కాగితం చేతికిస్తే అందరూ ఐదేళ్ళూ అన్నిటికీ ఉంటుందనుకుంటారు. అందులో సొంత డ్యామేజీ, దొంగతనం భాగం చాలావాటికి మొదటి ఏడాదికే అయిపోతుంది. తర్వాత ఉండేది మనం ఎవరినైనా గుద్దితే వాళ్ళకి పనికొచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే. హాస్టల్లో మిగతా వాళ్ళ పేపర్లు తీయించి చూస్తే సగం మందిది ఇదే పరిస్థితి, ఆ సంగతి వాళ్ళకి తెలియదు కూడా. లాకు కొనేముందు ఎవరైనా సరే ఆ కాగితం ఒకసారి తీసి చూసుకోండి.

ఓనరు ముందు అడిగింది కెమెరాలు. "తమ్ముడూ, ఇంకో నాలుగు కెమెరాలు పెడదామా?" అన్నాడు. పెట్టొచ్చు అన్నా, కానీ మొదటి దొంగతనం కెమెరాలో శుభ్రంగానే పడిందిగా, చూసేవాళ్ళు లేరు అంతే. ఆయనకీ అర్థమైంది. అక్కడి నుంచి మాట లాకుల మీదకి వచ్చింది.

ఒక సాయంత్రం అందరూ ఉన్నప్పుడు వెళ్ళి ఒక్కో బండి చూశా. నేను మొదట చూసేది డిస్క్ బ్రేకా డ్రమ్ బ్రేకా అన్నది. డ్రమ్ బ్రేకుల స్ప్లెండర్ ప్లస్, స్కూటర్లు ఉంటే వాటికి డిస్క్ లాకు పెట్టే చోటే లేదు, ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ ఆన్‌లైన్‌లో లాకు కొనుక్కుని వచ్చి "అన్నా, నా స్కూటర్‌కి ఇది ఎక్కడ పెట్టాలి?" అని అడిగినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. రెండోది డిస్క్ ప్లేటులో రంధ్రాల సైజు. నేను కొలిచే పద్ధతి చాలా సింపుల్: 6, 7, 10 ఎంఎం డ్రిల్ బిట్లు జేబులో వేసుకెళ్ళి వాటి వెనక భాగాన్ని రంధ్రంలో పెట్టి చూస్తా. ఏది సుఖంగా దూరితే ఆ సైజు పిన్ను పడుతుంది. చాలా బండ్లకి 6 ఎంఎం పిన్ను సులువుగా పడుతుంది. 10 ఎంఎం పిన్ను గట్టిదే గానీ, రంధ్రాలు చిన్నవైన డిస్కులకి దూరదు. కొన్ని డిస్కుల్లో రంధ్రాలు చిన్నగా ఉన్నా ప్లేటుకీ మధ్య భాగానికీ నడుమ పెద్ద ఖాళీలు ఉంటాయి, అక్కడ లావు పిన్ను పడుతుంది, కానీ లాకు గొంతు, అంటే డిస్కు దూరే సందు, అంత లోతు ఉండాలి కదా, అది కూడా పెట్టి చూడాల్సిందే. మూడోది ఏబీఎస్, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగిసిపోకుండా చూసేది. 125 సీసీ దాటిన బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి డిస్కు పక్కనే పళ్ళ రింగు, దాని సెన్సారు, సన్నటి వైరు ఉంటాయి. లాకు బాడీ రింగుకి ఆనుకుని కూర్చుంటే ఏదో ఒక రోజు దాన్ని వంచుతుంది.

పదిహేను బండ్లలో డిస్కు లాకు పట్టేవి పది వచ్చాయి. మిగతా ఐదింటికి గొలుసు. గోడ వెంట నేలలో 2 అంగుళాల ఇనుప పైపు కాంక్రీటుతో పాతించి, దానికి గొలుసు వేసుకోమన్నా. పైపు ఖర్చు ఓనరుది, గొలుసు ఎవరిది వాళ్ళది. పైపు కోయొచ్చు కదా అని ఒకబ్బాయి అన్నాడు. కోయొచ్చు. హాక్సా బ్లేడుతో రాత్రి మూడు గంటలకి నడిగల్లీలో కూర్చుని కోసే ఓపిక ఉన్నవాడు వస్తే నా దగ్గర ఏ మందూ లేదు.

ఇక లాకు ఎంపిక. మార్కెట్‌లో ఐదారు వందల నుంచి ఐదు వేలు దాటేవరకూ ఉన్నాయి. చవకవాటిలో చాలావరకు జింక్ పోత బాడీ, పైన రంగు, లోపల ఎల్ఆర్44 బటన్ సెల్లు ఆరు. షాపులో తెలుసుకోవడానికి చిన్న అయస్కాంతం చాలు: ఉక్కుకి అంటుకుంటుంది, జింక్ పోతకి అంటుకోదు. పిన్ను ఒక్కటే ఉక్కు, బాడీ జింక్ అయితే సుత్తి దెబ్బకి బాడీ పగిలి పిన్ను దానంతటదే బయటికి వస్తుంది. ఖరీదైన మోడళ్ళలో బాడీ ఉక్కు, సెల్ కూడా సీఆర్2 లాంటి లిథియం, అది ఎక్కువ కాలం వస్తుంది గానీ మన గల్లీ కిరాణాలో దొరకదు, కెమెరా షాపుకో ఆన్‌లైన్‌కో వెళ్ళాలి. కుర్రాళ్ళ జేబు చూసి నేను మధ్య రకం తీసుకున్నా, 7 ఎంఎం పిన్నుది, బాడీ అయస్కాంతానికి అంటుకునేది. 7 దూరని రెండు బండ్లకి అందులోనే 6 ఎంఎంది. నేను గట్టిగా పట్టుబట్టింది ఒక్క విషయానికే, ముందు హెచ్చరిక కూత ఉండాలి. అంటే మొదటి కుదుపుకి చిన్నగా కూసి ఆగాలి, ఆ వెంటనే మళ్ళీ కదిలితేనే పూర్తి అలారం రావాలి. అది లేకుండా తగిలీ తగలగానే పది సెకన్లు అరిచే లాకు ఈ గల్లీలో రెండు రోజులు బతకదు, కుర్రాళ్ళే దాని సెల్లు పీకేస్తారు.

అట్ట మీద 110 డెసిబెల్స్ అని రాసి ఉంటుంది. ఎంత దూరంలో 110 అన్నది చాలా డబ్బాల మీద రాయరు. ఒక మీటరు దగ్గర 110 అనే ఒప్పుకుందాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 2 మీటర్ల దగ్గర 104, 4 దగ్గర 98, 8 దగ్గర 92, 16 దగ్గర 86. మూడో అంతస్తు గదికి చేరేసరికి ఇలా తగ్గి, మూసిన కిటికీ దగ్గర ఇంకా తగ్గి, లోపల కూలర్ హోరులో కలిసిపోతుంది. ఓనరు ముందే ఒక లాకు మోగించి చూపించాం, మూడో అంతస్తులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకున్న పిల్లాడికి ఏమీ వినబడలేదు. మెట్ల కింద మంచం వేసుకుని పడుకునే వాచ్‌మన్ మాత్రం దిగ్గున లేచాడు. కాబట్టి బండి యజమాని లేచి వస్తాడన్న లెక్క వదిలేసి, వాచ్‌మన్‌నీ, తెల్లవారుజామున ఇడ్లీ బండి పెట్టుకోవడానికి వచ్చే ఆయన్నీ లెక్కలోకి తీసుకున్నాం. వాచ్‌మన్ మంచం గేటుకి రెండడుగులు ముందుకి జరిపించాం. ఈ మొత్తం పనిలో రూపాయి ఖర్చు లేని మార్పు అది, నా లెక్కలో అన్నిటికన్నా విలువైనదీ అదే.

లాకు డిస్కు మీద ఎక్కడ పెట్టాలి అన్నది చాలామంది పట్టించుకోరు. బండి ముందుకి కదిలితే చక్రం వెనక అంచు పైకి లేస్తుంది. క్యాలిపర్ (డిస్కుని పట్టి ఆపే బ్రేకు భాగం) ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే కడ్డీలు) వెనకవైపు ఉన్న బండికి లాకుని సరిగ్గా క్యాలిపర్ కింద, దాదాపు ఆనించి పెడితే, బండి కదలగానే అది వెళ్ళి క్యాలిపర్‌కి తగిలి ఆగిపోతుంది. అదే లాకు డిస్కుకి అవతలి వైపు పెట్టారనుకోండి, 17 అంగుళాల చక్రం ఒక చుట్టుకి దాదాపు 2 మీటర్లు వెళ్తుంది కాబట్టి, తీయడం మరిచి బండి తీస్తే మీటరు దూరం వేగం పుంజుకున్నాక ఒక్కసారిగా ముందు చక్రం బిగిసిపోతుంది, మనిషి హ్యాండిల్ మీద నుంచి వెళ్ళిపోతాడు. క్యాలిపర్ ఫోర్కుకి ముందువైపు ఉంటే లెక్క తిరగబడుతుంది, లాకు పైన ఉండాలి. ఇదంతా వివరించి, ప్రతి లాకుతో వచ్చిన స్ప్రింగులాంటి రంగు కేబుల్‌ని, లాకు తీయాలని గుర్తుండేలా, హ్యాండిల్‌కి తగిలించడం కూడా నేర్పా. అయినా మొదటి వారంలోనే ఒకబ్బాయి ఇంటర్వ్యూకి హడావుడిగా వెళ్తూ కేబుల్ పెట్టుకోని రోజున మరిచిపోయాడు. లాకు క్యాలిపర్ దగ్గరే ఉంది కాబట్టి ధడేల్‌మని ఆగింది, పడలేదు, మడ్‌గార్డు అంచు పగిలింది. ఆ పగిలిన మడ్‌గార్డు చూశాక అందరూ కేబుల్ పెట్టడం మొదలుపెట్టారు, అంతకుముందు నేను చెప్పినదంతా ఎవరికీ ఎక్కలేదు.

అసలు గొడవ తర్వాత వారం మొదలైంది. పొద్దున్నే ఆరున్నరకి కోచింగ్ క్లాసుకి వెళ్ళేవాడు మధ్యలో ఉన్న తన బండి తీయడానికి పక్క బండి జరుపుతాడు, అది అరుస్తుంది, దాని పక్కది తగిలి అదీ అరుస్తుంది. రాత్రి పదకొండుకి షిఫ్ట్ నుంచి వచ్చేవాడు బండి దూర్చడానికి రెండు జరుపుతాడు, మళ్ళీ అరుపులు. హాస్టల్ పిల్లి ఒకటి ఉంది, దానికి సీటు మీద పడుకోవడం అలవాటు, దూకినప్పుడల్లా ఒక కూత. ఎదురింటి పెద్దాయన వచ్చి ఓనరుతో గట్టిగానే మాట్లాడాడు. ఆయన తప్పేం లేదు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నివాస ప్రాంతంలో 45 డెసిబెల్సే పరిమితి అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. పైగా నాకు ఆయన కోపం కన్నా వాచ్‌మన్ ముఖం ఎక్కువ భయం వేసింది. ఇన్నిసార్లు ఊరికే లేచిన మనిషి నాలుగో రోజు నుంచి లేవడు. నాన్నా పులి కథ అందరికీ తెలిసిందే.

అందుకే మళ్ళీ వెళ్ళి ఒక పూట మొత్తం అక్కడే కూర్చుని ఏది ఎందుకు అరుస్తోందో చూశా. మొదటిది పార్కింగ్ వరస. పొద్దున్నే వెళ్ళేవాళ్ళవి ఒక చివర, ఆలస్యంగా వచ్చేవాళ్ళవి రెండో చివర, ఆదివారం తప్ప బండి తీయనివాళ్ళవి మధ్యలో. చాక్‌పీసుతో గోడ మీద పేర్లు రాశాం, తర్వాత ఓనరు పెయింటు వేయించాడు. ఇది ఒక్కటే సగం పైగా అరుపులు తగ్గించింది. రెండోది లాకు వదులు. గొంతు వెడల్పుగా, డిస్కు సన్నగా ఉన్న చోట లాకు వేలాడుతూ ఊగుతుంది, దూరంగా లారీ వెళ్ళినా కూస్తుంది. పాత సైకిల్ ట్యూబు చిన్న ముక్క కోసి లాకు గొంతులో లోపలివైపు అంటించా, బిగుతుగా కూర్చుంది. ఆ ముక్క డిస్కుకి అంటుకుని బ్రేకు పట్టే చోట జిగురు మరక పడకుండా చూసుకోవాలి, అందుకే జిగురు లాకువైపే, రబ్బరు మాత్రమే డిస్కువైపు. మూడోది స్టాండు. ఇద్దరు వెనక డిస్కుకి లాకు వేసి సెంటర్ స్టాండ్ మీద నిలబెడుతున్నారు. సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రం గాల్లో ఉంటుంది, ఎవరి కాలు తగిలినా తిరుగుతుంది, లాకు వెళ్ళి తగిలి అరుస్తుంది. ఆ ఇద్దరినీ ముందు డిస్కుకి మార్చా. పిల్లి సంగతి పిల్లికే వదిలేశాం, అది కూడా ఒక్క కూతకే దిగి వెళ్ళిపోవడం నేర్చుకుంది.

వినాయక నిమజ్జనం అప్పుడు మాత్రం ఏ సర్దుబాటూ పనిచేయదు. డీజే బండి గల్లీ చివర నుంచి వెళ్తుంటే పది లాకులూ ఒకేసారి మొదలుపెట్టాయి. ఈ మోడల్లో పిన్ను ఒకవైపు తిప్పి నొక్కితే అలారంతో, ఇంకోవైపు తిప్పి నొక్కితే అలారం లేకుండా పడుతుంది. ఆ రాత్రికి అందరివీ మౌనంగా వేయించాం, గల్లీ అంతా జనమే కాబట్టి ఫరవాలేదనుకున్నాం. తర్వాత రోజు చూస్తే నలుగురు అలాగే మౌనంగా వదిలేశారు. ఆ తిప్పుడు సౌకర్యం నాకు అందుకే పెద్దగా నచ్చదు, కానీ లేకపోతే ఊళ్ళో ఇలాంటి రాత్రులు గడవవు.

సెల్లు కూడా ఒక కథ. అట్ట మీద రాసినదాన్ని బట్టి నెలల తరబడి రావాలి. మొదటి రెండు వారాల అరుపులకే మూడు లాకుల సెల్లు అయిపోయాయి. లాకుతో పాటు వచ్చే సెల్లు ఎప్పటివో తెలియదు, వాటిని నేను ఎప్పుడూ నమ్మను, కొత్త స్ట్రిప్ వేసే ఇస్తా. ఎల్ఆర్44, ఏజీ13 రెండూ ఒకే సైజు ఆల్కలైన్ సెల్లే. ఎస్ఆర్44 సిల్వర్ ఆక్సైడ్ అయితే ధర ఎక్కువ గానీ చివరిదాకా వోల్టేజీ నిలకడగా ఉంటుంది. సెల్ పడిపోతే తెలిసేది వేసేటప్పుడే: లాకు వేయగానే వచ్చే కూత నీరసంగా ఉంటే మార్చే టైం వచ్చినట్టు, అసలు రాకపోతే అది ఇక ఉత్త ఇనుప ముక్క. కుర్రాళ్ళకి ఒకటే చెప్పా, పిన్ను నొక్కాక కూత వినకుండా లోపలికి వెళ్ళొద్దు. వాన సంగతి కూడా: తాళం రంధ్రం, స్పీకరు రంధ్రాలు కిందికి ఉండేలా వేయాలి. ఒకడు నీళ్ళు పోకుండా పాలిథిన్ కవర్ గట్టిగా చుట్టాడు, నీళ్ళు పోలేదు, శబ్దం కూడా బయటికి రాలేదు.

ఇప్పుడు ఆ రాత్రి. చలికాలం మొదట్లో, మూడు దాటాక. కెమెరా రికార్డింగు నేనూ ఓనరూ చాలాసార్లు చూశాం కాబట్టి వరసగా చెప్పగలను. స్కూటీ మీద ఇద్దరు వచ్చారు, గల్లీ ఒకసారి దాటి మళ్ళీ వెనక్కి వచ్చారు. వెనక కూర్చున్నవాడు దిగి వరసలో చివర ఉన్న అపాచీ ఎక్కాడు. ఎక్కగానే హెచ్చరిక కూత వచ్చింది, వాడు ఆగిపోయి చుట్టూ చూశాడు. కదలకుండా కూర్చున్నాడు కాసేపు, అంటే వాడికి ఇలాంటి లాకు కొత్తేం కాదు, కదలకపోతే మళ్ళీ మామూలైపోతుందని తెలుసు. తర్వాత ఒక్క తన్ను, హ్యాండిల్ లాక్ పోయింది. ఆ కుదుపుకి పూర్తి అలారం అందుకుంది. అయినా వదల్లేదు, అరుస్తుండగానే బండిని ముందుకి తోశాడు, అది అంగుళాల్లోనే క్యాలిపర్‌కి తగిలి ఆగింది. ముందు చక్రం లేపి ఈడ్చుకెళ్దామని హ్యాండిల్ పట్టుకుని లాగాడు, స్కూటీ వాడు దిగి సాయం వచ్చాడు. అప్పుడే వాచ్‌మన్ మంచం మీద నుంచి లేచి "ఎవడ్రా అది!" అని కేక వేశాడు. ఇద్దరూ స్కూటీ ఎక్కి వెళ్ళిపోయారు. ఎక్కినప్పటి నుంచి పారిపోయేదాకా ఒక నిమిషం కూడా కాలేదు. బండి వరస నుంచి మూడడుగులు బయట, హ్యాండిల్ వంకరగా, ఇంకా కూస్తూ నిలబడి ఉంది. యజమాని అబ్బాయి రెండో అంతస్తులో నిద్రపోతున్నాడు, వాచ్‌మన్ వెళ్ళి తలుపు కొడితే గానీ లేవలేదు.

పొద్దున లాకు తెచ్చి చూశా. బాడీకి గీత పడలేదు, ఎందుకంటే ఎవరూ దాన్ని పగలగొట్టే ప్రయత్నమే చేయలేదు, అంత టైం లేదు. డిస్కు కొంచెం వంగిందేమోనని చక్రం తిప్పి చూశా, బాగానే ఉంది, హ్యాండిల్ లాక్ సెట్టు మాత్రం కొత్తది వేయాల్సి వచ్చింది. ఇక్కడ పనిచేసింది ఒక్క లాకు అని నేను అనను. చక్రం తిరగకపోవడం వల్ల వాళ్ళకి కాలితో తోసుకెళ్ళే అవకాశం పోయింది, అరుపు వల్ల ఆగి ఆలోచించే అవకాశం పోయింది, ఈ రెండూ కలిసి వాచ్‌మన్ లేచేంత టైం ఇచ్చాయి. పార్కింగ్ వరస మార్చకముందు ఇదే రాత్రి వచ్చి ఉంటే ఆయన పక్కకి తిరిగి పడుకునేవాడని ఆయనే నవ్వుతూ చెప్పాడు. ఇద్దరు మనుషులు, ఒక చిన్న ట్రాలీ ఆటోతో వచ్చి బండిని ఎత్తి వేసుకుని ఉంటే? 150 కిలోల బండి ఇద్దరు ఎత్తడం కష్టమే గానీ నలుగురైతే ఎత్తేస్తారు, డిస్క్ లాకు ఎత్తడాన్ని ఆపదు, అరవడం మాత్రమే చేస్తుంది. బండి ఖరీదైనదైతే అందుకే గొలుసు కూడా వేయమంటా, లాకు ఒక్కటే చాలదు.

పోలీసులకి చెప్పాలా వద్దా అని ఓనరు వెనకాడాడు, బండి పోలేదు కదా అని. చెప్పమన్నా. దొంగతనం ప్రయత్నం కూడా నేరమే, పైగా ఆ రికార్డింగులో స్కూటీ నంబరు సగం కనిపిస్తోంది. ఇచ్చాడు.

అంతా బాగైపోయిందని కాదు. ఆ తర్వాత నెల తిరగకుండానే అదే వరస నుంచి ఒక డ్రమ్ బ్రేక్ స్కూటర్ పోయింది. గొలుసు కొనుక్కోమంటే "పాత బండి అన్నా, దీన్నెవడు ఎత్తుకెళ్తాడు" అన్న అబ్బాయిది. గొలుసు వేసిన మిగతా నాలుగూ ఉన్నాయి, లాకు వేసిన పదీ ఉన్నాయి, ఏ రక్షణా లేని ఒక్కటే పోయింది. దొంగకి కావలసింది ఆ గల్లీలో సులువైన బండి. ఏడాది మోడలా పదేళ్ళ మోడలా అన్నది వాడికి తర్వాతి లెక్క. పాత బండి అయితే విడిభాగాలకి పనికొస్తుంది.

జీపీఎస్ ట్రాకర్ గురించి ఆ కుర్రాళ్ళు కూడా అడిగారు. పెట్టుకోండి, కానీ అది బండి పోయాక పనికొచ్చే వస్తువు, పోకుండా ఆపదు. సిమ్ రీచార్జి మరిచిపోతే అదీ లేదు. ఇద్దరికి పెట్టా, అందులో ఒకడి రీచార్జి అప్పుడే అయిపోయింది.

డబ్బుల లెక్క అడుగుతారు కాబట్టి: లాకు ఒక్కోటి రెండు వేల లోపే పడింది, గొలుసు దానికన్నా తక్కువ, పైపు, కాంక్రీటు, కూలీ ఓనరు పెట్టుకున్నాడు. నెలకోసారి వాచ్‌మన్ ఒక్కో బండిని చిన్నగా తట్టి కూత వస్తోందో లేదో చూస్తాడు, రానివాళ్ళ పేరు చెబుతాడు. దానికి ఓనరు ఆయనకి ఏదో ఇస్తున్నాడు, ఎంతో నేను అడగలేదు.

మొన్న అదే ఓనరు దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో హాస్టల్ తీసుకున్నాడు, "అక్కడ కూడా ఇవే పెట్టెయ్ తమ్ముడూ" అన్నాడు. వెళ్ళి చూశా. అక్కడ ఉండేది ఎక్కువగా అమ్మాయిలు, స్కూటర్లు, చాలావాటికి డ్రమ్ బ్రేకులే. సెల్లార్ ఉంది, షట్టర్ ఉంది, రాత్రి వాచ్‌మన్ అక్కడ ఉండడు, ఆయన గది వెనక బిల్డింగులో. అరిస్తే వినే మనిషే లేని చోట అలారం ఎందుకు? పైపు పాతించి గొలుసులు, షట్టర్‌కి రెండు వైపులా మంచి తాళాలు, కరెంటు పోయినా వెలిగే లైటు ఒకటి రాసిచ్చా. డిస్క్ లాకులు ఆ సెల్లార్‌లో మూడు బండ్లకే పడతాయి, అవి వాళ్ళిష్టం అన్నా. ఓనరుకి కొంచెం నిరాశగానే అనిపించింది, ఆ అరుపంటే ఆయనకి మోజు పట్టుకుంది.